అచ్చం మనవాళ్లే... కానీ!

కొమ్ములుండవు. పచ్చటి ఒళ్లుండదు. ఎగిరే పళ్లెం కూడా కనిపించదు. పక్కింటి పెద్దాయన, ఊరి పోలీసు, కట్టుకున్న భర్త, చివరికి కన్నతల్లి... గ్రహాంతరవాసి ఎవరి రూపంలోనైనా రావచ్చు! చేతిలో డబ్బుల్లేని సినిమావాళ్లు పట్టుకున్న ఈ చిట్కాకు డెబ్భై ఏళ్లు దాటాయి. అద్దాల మేడల సైబరాబాద్‌లో కూర్చుని చూస్తే ఆ పాత సినిమాలు ఇప్పుడు కొత్తగా కనిపిస్తాయి.

డాక్టరు కారుకు అడ్డంగా ఓ పిల్లాడు పరుగెత్తుకొస్తాడు. వెనకే వాళ్లమ్మ. బడికి వెళ్లనని మారాం చేస్తున్నాడని అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఇంట్లో ఉన్నావిడ తన తల్లి కాదంటాడు వాడు! అదే ఊళ్లో ఇంకొకావిడదీ అదే గోల. తన బాబాయి బాబాయి కాదట. మాట అదే, నడక అదే, చిన్నప్పటి సంగతులన్నీ ఆయనకు గుర్తున్నాయి. మరి తేడా ఏమిటమ్మా అంటే... తనను చూసినప్పుడు ఆయన కళ్లలో ఎప్పుడూ కనిపించే ఆప్యాయత లేదంటుంది.

1956లో వచ్చిన ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ అనే హాలీవుడ్ సినిమా కథ ఇలా మొదలవుతుంది. జాక్ ఫిన్నీ నవల ఆధారంగా డాన్ సీగెల్ తీశారు. ఆకాశం నుంచి వచ్చిపడిన విత్తనాలు మొలిచి, పెద్ద పెద్ద చిక్కుడుకాయల్లాంటి కాయలు కాస్తాయి. మనిషి నిద్రపోగానే ఆ కాయలోంచి అచ్చం అతనిలాంటివాడే బయటికొస్తాడు. అన్నీ ఉంటాయి. ప్రేమ, బాధ, కోపం మాత్రం ఉండవు. ఒక్కొక్కరుగా ఊరంతా మారిపోతుంది. నిద్ర ఆపుకోగలిగినంతసేపే మనిషి మనిషిగా ఉంటాడు!

ఈ సినిమాకు అయిన ఖర్చు సుమారు నాలుగు లక్షల డాలర్లు. అదే ఏడాది వచ్చిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’కు కోటీ ముప్ఫై లక్షల డాలర్ల దాకా అయింది. మూడు వారాల పైచిలుకులో షూటింగు ముగించేశారు. 1994లో అమెరికా ప్రభుత్వం భద్రపరచాల్సిన చిత్రాల జాబితాలో దానికి చోటు దొరికింది. కథను ఆ తర్వాత 1978, 1993, 2007ల్లో మళ్లీ మళ్లీ తీశారు.

ముసుగు ఖర్చు మిగిలింది!

గ్రహాంతరవాసిని తెరమీద చూపించాలంటే మాటలా? రబ్బరు ముసుగు కావాలి. అంతరిక్షనౌక కావాలి. వేరే గ్రహం సెట్టు వేయాలి. తీరా అంతా చేశాక చవగ్గా కనిపిస్తే జనం నవ్వుతారు. అదే ఆ గ్రహాంతరవాసి మన రూపంలోనే వస్తే? ఓ నటుడు, ఓ కోటు... అంతే! లైటు కాస్త తగ్గించి, కళ్లలో భావం లేకుండా నిలబడమంటే చాలు. మిగతా పనంతా ప్రేక్షకుడి బుర్ర చేసిపెడుతుంది.

1953లోనే ఇలాంటివి రెండు వచ్చాయి. ‘ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’లో ఎడారిలో దిగినవాళ్లు తమ నౌక బాగుచేసుకోవడానికి ఊరివాళ్ల రూపాలు అరువు తెచ్చుకుంటారు. ‘ఇన్వేడర్స్ ఫ్రమ్ మార్స్’లో రాత్రికి రాత్రి తండ్రి మారిపోయాడని ఓ పిల్లాడు కనిపెడతాడు. 1958లో వచ్చిన ‘ఐ మ్యారీడ్ ఎ మాన్‌స్టర్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ పేరులోనే కథంతా ఉంది. పెళ్లికి ముందురోజు రాత్రి వరుడి స్థానంలోకి ఇంకొకడు వచ్చేస్తాడు. పాపం ఆ పెళ్లికూతురు ఏడాది పాటు ‘ఈయనేమిటి ఇలా ఉన్నాడు’ అని తనలో తనే కుమిలిపోతుంది.

అమెరికాలో కమ్యూనిస్టుల భయం రాజ్యమేలుతున్న రోజులవి. ఈ సినిమాలు ఆ భయానికి రూపమేనని కొందరంటారు. కాదు, కమ్యూనిస్టులన్న అనుమానంతో జనాన్ని వేటాడిన సెనేటర్ మెకార్తీ మనుషుల మీద వ్యంగ్యమని ఇంకొందరంటారు. వాదన ఇప్పటికీ తెగలేదు. రాజకీయాలు పక్కనపెట్టినా వీటన్నిటిలో ఓ సంగతి మాత్రం మారదు. నకిలీని మొదట పట్టుకునేది పోలీసులూ శాస్త్రవేత్తలూ కాదు. ఇంట్లోవాళ్లు!

ఎలా పట్టుకునేవారంటే...

* నల్ల కళ్లద్దాలు: ‘నాట్ ఆఫ్ దిస్ ఎర్త్’ (1957)లో మనిషి రూపంలో తిరిగేవాడి కళ్లు తెల్లగా శూన్యంగా ఉంటాయి. అందుకని అద్దాలు తీయడు. దర్శకుడు రోజర్ కోర్మన్‌ది పొదుపులో అందెవేసిన చెయ్యి.

* మెడ మీద మచ్చ: ‘ఇన్వేడర్స్ ఫ్రమ్ మార్స్’లో మారిపోయినవాళ్లకు మెడ వెనక గుర్తు ఉంటుంది.

* కుక్క మొరుగుడు: ‘ఐ మ్యారీడ్ ఎ మాన్‌స్టర్...’లో భార్య కానుకగా తెచ్చిన కుక్క భర్తను చూడగానే గుర్రుమంటుంది. మెరుపు మెరిస్తే అసలు ముఖం కనిపిస్తుంది.

* చిటికెన వేలు: 1967-68లో వచ్చిన ‘ది ఇన్వేడర్స్’ టీవీ సీరియల్‌లో మనుషులుగా తిరిగే గ్రహాంతరవాసుల్లో చాలామందికి చిటికెన వేలు వంగదు.

* ఈసారి మన కళ్లద్దాలు: జాన్ కార్పెంటర్ తీసిన ‘దే లివ్’ (1988)లో ప్రత్యేకమైన నల్లద్దాలు పెట్టుకుంటే పెద్ద మనుషుల్లో ఎవరు అసలు, ఎవరు కాదో తేలిపోతుంది.

మన మాయా శశిరేఖ

మారువేషం మనకు కొత్తేం కాదు. ఇంద్రుడు గౌతముడిగా వచ్చాడు. రావణుడు సన్యాసిగా వచ్చాడు. మారీచుడు బంగారు లేడి అయ్యాడు. పరకాయ ప్రవేశం కథలు వింటూనే మన పిల్లలు నిద్రపోయేవారు.

అమెరికాలో కాయల సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 1957 మార్చి 27న, మనకు ‘మాయాబజార్’ వచ్చింది. కె.వి.రెడ్డి దర్శకత్వం, విజయా వారి నిర్మాణం. అదేమీ చవక సినిమా కాదు. మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనం గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ అందులో అన్నిటికంటే గొప్ప మాయకు పైసా ఖర్చు కాలేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక తెరమీద కనిపించేది సావిత్రే. అదే ముఖం, అవే నగలు. ఆ భుజం ఎగరేయడంలో, ఆ చూపులో, ఆ అడుగులో మాత్రం ఎస్వీ రంగారావు కనిపిస్తారు! పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కేటప్పుడు థియేటర్లు ఘొల్లుమన్నాయి.

ఇక్కడే ఓ తమాషా ఉంది. లక్ష్మణకుమారుడితో పెళ్లికి శశిరేఖ ఒప్పుకుందన్న సంబరంలో పెద్దలెవరికీ తేడా కనిపించలేదు. తమకు నచ్చినట్టు నడుచుకునే పిల్ల దొరికితే ఆ పిల్ల అసలుదో కాదో ఎవరు చూస్తారు? హాలీవుడ్‌వాళ్లు దీన్ని భయంగా మార్చుకుంటే, పింగళి నాగేంద్రరావు చేతిలో అది హాస్యమైంది. ఆ సన్నివేశంలో మాయ అంతా సావిత్రి నటనే. చేతిలో డబ్బుల్లేని ఏ కుర్ర దర్శకుడైనా దాన్ని పదిసార్లు చూడాలి.

దయ్యం ఉండగా ఏలియన్ ఎందుకు?

మరి తెలుగులో గ్రహాంతరవాసులు ఎందుకు పెద్దగా రాలేదు? పక్కనే తమిళంలో 1963లోనే ‘కలై అరసి’ వచ్చింది. వేరే గ్రహంలో సైన్సు బాగా ఉందట, సంగీతమే లేదట. అందుకని భూమి మీద నుంచి ఓ గాయనిని ఎత్తుకుపోతారు. ఆ గాయని ఎవరో కాదు, మన భానుమతి! హీరో ఎంజీఆర్. 2014లో హిందీ ‘పీకే’ వచ్చింది. అందులో ఆమిర్‌ఖాన్ మనిషి రూపంలోనే దిగి మన నమ్మకాల మీద ప్రశ్నలు వేస్తాడు.

మనకు ‘ఆదిత్య 369’ (1991)తో సింగీతం శ్రీనివాసరావు కాలయంత్రం ఎక్కించారు. తక్కువ ఖర్చు సైన్స్ ఫిక్షన్ కూడా ఆ దారే పట్టింది. ‘ప్లేబ్యాక్’ (2021)లో యంత్రమంటే ఇంట్లో ఉండే ల్యాండ్‌లైన్ ఫోనే. అది రెండు కాలాలను కలుపుతుంది. ‘ఒకే ఒక జీవితం’ (2022)లో కొడుకు చనిపోయిన తల్లిని కాపాడుకోవడానికి వెనక్కి వెళ్తాడు. తన చిన్ననాటి ఇంటికే పరాయివాడిలా వెళ్లి అమ్మ ఎదుట నిలబడతాడు. నేను నీ కొడుకునని చెబితే నమ్మేదెవరు? సీగెల్ సినిమాకు ఇది సరిగ్గా తిరగేసిన కథ. అక్కడ ముఖం తెలిసిందే, మనిషి పరాయి. ఇక్కడ మనిషి మనవాడే, ముఖమే తెలియదు.

అయినా మనిషి రూపంలో ఏలియన్ మన తెరకు పెద్దగా ఎక్కకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మనింట్లో మనిషి తీరు మారితే మనం ఆకాశం వైపు చూడం. ‘గాలి సోకింది’ అంటాం. ‘చంద్రముఖి’ (2005), ‘అరుంధతి’ (2009) చూసి దడుచుకున్నాం. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) లాంటి చిన్న సినిమా ఓ ఫామ్‌హౌస్‌లో నలుగురిని పెట్టి, అందులో ఒకరికి దయ్యం పట్టించి హిట్టు కొట్టింది. హాలీవుడ్‌లో కాయ చేసిన పనే మనకు దయ్యం చేసిపెట్టింది!

హైటెక్ సిటీ అనే రెడీమేడ్ సెట్టు

నిజానికి ఇలాంటి సినిమాకు హైదరాబాద్ ఐటీ కారిడార్‌ను మించిన చోటు దొరకదు. ఖాజాగూడ, గచ్చిబౌలి చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలున్నాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అడుగున నిలబడి చూస్తే మరో గ్రహమే. తల తిప్పితే అద్దాల మేడలు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి చుట్టూ ఎక్కువగా ఉన్నవి ఈ రాళ్లూ రప్పలే.

పనివాళ్లకూ కొదవ లేదు. ‘లైఫ్ ఆఫ్ పై’ (2012) చిత్రంలో పులికి ప్రాణం పోసి ఆస్కార్ అందుకున్న రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. అయితే మనం చెప్పుకుంటున్న కథకు పులి కూడా అక్కర్లేదు. మెడలో ట్యాగు వేసుకున్న ఓ ఉద్యోగి చాలు.

2000 దశకంలో ఇక్కడి కాల్‌సెంటర్ల సంగతి గుర్తుందా? సాయంత్రం క్యాబ్ ఎక్కేటప్పుడు వెంకటలక్ష్మి, సీట్లో కూర్చున్నాక ‘విక్కీ’. పగలు శ్రీనివాస్, రాత్రి ‘స్టీవ్’. యాస మార్చుకోవడానికి శిక్షణ ఇచ్చేవారు. అమెరికాలో అర్ధరాత్రి లేనివాళ్లు, మన దగ్గర అర్ధరాత్రి అమెరికన్లుగా మాట్లాడారు. వేషం వాళ్లది. భయం ఎవరికీ కలగలేదు, బిల్లు గురించిన గొడవలు మాత్రం తీరాయి!

ఇక ఇక్కడి నుంచి విమానం ఎక్కినవాళ్లు? అమెరికా చట్టాల్లో విదేశీయుడికి వాడే మాట ‘ఏలియన్’. గ్రీన్‌కార్డు మీద ఉండే ‘ఏ-నంబరు’లో ఏ అంటే అదే. పన్ను కాగితాల్లో ‘రెసిడెంట్ ఏలియన్’, ‘నాన్ రెసిడెంట్ ఏలియన్’ అని రెండు రకాలు. అంటే కూకట్‌పల్లిలో ఉన్న అమ్మానాన్నల పిల్లాడు డాలస్‌లో లెక్క ప్రకారం గ్రహాంతరవాసే! ఈ బాధను నవ్వుతూ చూపించిన సినిమా ఒకటుంది. జాన్ సేల్స్ 1984లో సుమారు మూడున్నర లక్షల డాలర్లతో తీసిన ‘ద బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్’. బానిసత్వం నుంచి పారిపోయిన ఓ గ్రహాంతరవాసి, చూడ్డానికి నల్లజాతి యువకుడు. ఒకప్పుడు వలసవాళ్లు ఓడ దిగిన ఎల్లిస్ ఐలాండ్ దగ్గరే అతని నౌక కూలుతుంది. నోట మాట రాదు. పాడైన యంత్రం మీద చెయ్యి పెడితే బాగైపోతుంది. ఆ పనితనం చూసి న్యూయార్క్‌లోని హార్లెమ్ వాడ అతన్ని అక్కున చేర్చుకుంటుంది. భాష రాకపోయినా పనిమంతుడు బతుకుతాడన్నమాట. మనవాళ్ల కథలా లేదూ?

1978లో ఫిలిప్ కాఫ్‌మన్ బాడీ స్నాచర్స్ కథను మళ్లీ తీసినప్పుడు చిన్న ఊరిని వదిలేసి శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి తెచ్చారు. దాంతో భయం రెట్టింపైంది. ఎందుకంటే చిన్న ఊళ్లో ఒకరు మారితే పదిమందికి తెలుస్తుంది. నగరంలో? ముప్ఫై అంతస్తుల గేటెడ్ కమ్యూనిటీలో ఎదురు ఫ్లాటాయన రేపటి నుంచి ఇంకొకడైతే మనం గుర్తుపడతామా? లిఫ్టులో తలలు ఫోన్లలోంచి లేస్తే కదా! నకిలీని పట్టుకోవాలంటే ముందు అసలు మనిషి తెలిసి ఉండాలి. ఈ సినిమాలన్నీ చెప్పే నీతి ఇదొక్కటే.

ముఖం వేరు, మమత వేరు

‘అమ్మ అమ్మ కాదు’ అనే భయం నిజ జీవితంలోనూ ఉంది. వైద్యులు దాన్ని క్యాప్‌గ్రా భ్రాంతి అంటారు. తన భర్తనూ పిల్లలనూ ఎవరో మార్చేశారని నమ్మిన ఓ ఫ్రెంచి మహిళ గురించి 1923లో జోసెఫ్ క్యాప్‌గ్రా అనే మానసిక వైద్యుడు తన సహచరుడితో కలిసి రాశాడు. ఆ పేరే స్థిరపడింది. మద్రాసులో వైద్యవిద్య చదివి అమెరికాలో స్థిరపడిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ దీనికో వివరణ ఇచ్చారు. ముఖాన్ని గుర్తుపట్టే భాగం మెదడులో ఒకచోట ఉంటుంది. ఆ ముఖం చూడగానే కలిగే ఆత్మీయతకు దారి వేరే. ఆ రెండింటి మధ్య లింకు తెగితే, కళ్లు ‘అమ్మే’ అంటాయి, మనసు మాత్రం పలకదు. అప్పుడు మెదడు వేసుకునే లెక్క - ‘ఈమె అమ్మ వేషంలో ఉన్న ఇంకెవరో!’

ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన ఓ యువకుడిని ఆయన పరీక్షించారు. తల్లిదండ్రులు ఎదురుగా ఉంటే నకిలీలని వాదించేవాడు. వాళ్లే ఫోన్ చేస్తే వెంటనే గుర్తుపట్టి హాయిగా మాట్లాడేవాడు. చెవి నుంచి మనసుకు వెళ్లే దారి చెడిపోలేదు మరి!

ఇప్పుడు వేషం ఫోన్లో...

ఆ యువకుడికి నమ్మకంగా మిగిలిన ఆ ఫోనే నేడు మనకు నమ్మలేనిదైంది. ఎవరి గొంతునైనా 3 సెకన్ల రికార్డింగుతో అనుకరించగల ‘వ్యాల్-ఈ’ అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలో వెల్లడించారు. అదే ఏడాది నవంబరులో నటి రష్మిక ముఖాన్ని వేరొకరి ఒంటికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. కాయా అక్కర్లేదు, నిద్రా అక్కర్లేదు. పుట్టినరోజు వీడియో ఒకటి దొరికితే చాలు.

‘డిజిటల్ అరెస్టు’ మోసాలను చూడండి. ఓ యూనిఫాం, ఓ టేబులు, వెనక గోడ మీద ఓ చిహ్నం. వీడియో కాల్‌లో పోలీసుగా కనిపిస్తాడు. ‘నీ పేరు మీద పార్సిల్ వచ్చింది, గదిలోంచి కదలకు’ అంటాడు. రోజర్ కోర్మన్ కూడా ఇంత చవగ్గా తీయలేదు! చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు కూడా జీవితమంతా దాచుకున్నది పోగొట్టుకున్నారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని, కంగారుపడకుండా ఆగి, ఆలోచించి అడుగు వేయాలని 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ చెప్పాల్సివచ్చింది. మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఈ మోసాల్లో ఎక్కువ చిక్కేది ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లే కావడానికి కారణముంది. పిల్లలు విదేశాల్లో. వారానికోసారి ఫోను. అందులోనూ ‘తిన్నారా, మందులేసుకున్నారా’ అనే నాలుగు ముక్కలు. ‘అమ్మా, యాక్సిడెంటైంది, డబ్బు పంపు’ అని కొడుకు గొంతు ఏడిస్తే... అది వాడు కాదని పోల్చుకోవడానికి, వాడు ఏడ్చి మాట్లాడగా ఆమె విని ఎన్నేళ్లయింది? గొంతును యంత్రం అనుకరిస్తుంది. మొన్న గొడవపడి మాట్లాడుకోని సంగతి, తమ్ముడి ముద్దుపేరు, పప్పులో ఉప్పెక్కువైన రోజు దానికి తెలియవు. రోజూ మాట్లాడుకునే ఇంట్లో ఇలాంటి గుర్తులు వందలుంటాయి. మాటలు తగ్గిన ఇంట్లో వాటి అవసరం వచ్చినప్పుడు ఒక్కటీ తోచదు.

అందుకే ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ‘మాయాబజార్’ మరోసారి చూడండి. సావిత్రి భుజం ఎగరేసినప్పుడు నవ్వుకోండి. విదేశంలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి కాస్త ఎక్కువసేపు మాట్లాడండి. కష్టమొచ్చి డబ్బడిగితే ముందు చెప్పాల్సిన రహస్య పదం ఒకటి ఇంటివాళ్లంతా కలిసి అనుకోండి. నానమ్మ వండే పచ్చడి పేరో, చిన్నప్పుడు పెంచుకున్న పిల్లి పేరో... ఏదైనా సరే. ఆ పదం ఏమిటో మాత్రం ఎవరికీ చెప్పకండి. మాక్కూడా!